బూటు విప్పు, ఎవరివో చెబుతాను

ఎసెజాకు మొహాలు తెలియవు. పాదాలు తెలుసు.

మసాకా పట్నానికి ఆరు మైళ్ళ అవతల, అరటితోటల మధ్య ఉన్న ఆ ఊళ్ళో ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు. ఎదుట ఎవరు నిలబడినా ఆమె చూపు నేల మీద మొదలై చీలమండ దగ్గర ఆగిపోతుంది. అంతకంటే పైకి ఎక్కదు. ఫలానా పాదం ఫలానావాళ్ళదని ఒకసారి చెబితే ఇరవై ఏళ్ళైనా మరిచిపోదు. చెప్పకపోతే తనే ఏదో పేరు పెట్టుకుంటుంది. బూట్లేసుకున్న మనిషి మాత్రం ఆమెకు మనిషి కాదు, రెండు తోలు పెట్టెలు.

"ఎవరు నాయనా?"

"నేనేనమ్మా, పక్కింటి..."

"బూటు విప్పు, ఎవరివో చెబుతాను."

ముప్ఫై ఏళ్ళు ఆరోగ్యకేంద్రంలో కాళ్ళ గదిలో నర్సుగా చేసి రిటైరైంది. అక్కడ వంగిన తల మళ్ళీ లేవలేదని ఆమె అన్న కలూలె అంటాడు. మేనకోడలు మిరెంబే చిన్నప్పుడు, అత్తకు మెడ నొప్పి కాబోలు అనుకునేది. పెద్దయ్యాక తన గొంతు కంటే తన కాలి బొటనవేలు అత్తకు ఎక్కువ తెలుసునని అర్థమైంది. ఇంట్లోకి వస్తూనే అత్త ఆ వేలితోనే మాట్లాడేది. "ఏమ్మా, చిక్కిపోయావు. అన్నం తినడం లేదా?"

ఆ ఊళ్ళో ఆడవాళ్ళు పెద్దవాళ్ళను మోకాళ్ళ మీద కూర్చుని పలకరిస్తారు. ఈ ఆచారం ఎసెజాకు కొలిచి కుట్టిన చెప్పులా సరిపోయింది. ఆమె పెద్దా చిన్నా చూడదు. పదేళ్ళ పిల్లకైనా మోకరిల్లుతుంది. పలకరింపు అయిపోయి అవతలివాళ్ళు వెళ్ళబోయినా లేవదు. ఒకసారి వీధిలో పక్కింటి కొత్తకోడలు ఎదురైంది. పెద్దావిడ కదా అని కోడలు మోకరిల్లింది. పాదాలు చూద్దామని ఎసెజా మోకరిల్లింది. మోకరిల్లిన కోడలి పాదాలు వెనక్కి పోయాయి.

"లే అమ్మా, కనపడటం లేదు."

"మీరు కింద ఉండగా నేనెలా లేస్తానమ్మా?"

"నువ్వు లేవకపోతే నువ్వెవరో నాకెలా తెలుస్తుంది?"

వెనక ఆవులు ఆగాయి. ఆవుల వెనక మోటారుసైకిళ్ళు ఆగాయి. చివరికి కోడలు మోకాళ్ళ మీదే అటు తిరిగి అరికాళ్ళు చూపించింది.

"ఓ, నువ్వా. మడమలు పగులుతున్నాయి. గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టి, రాయితో మెల్లగా రుద్ది, వాజలీన్ రాసుకుని సాక్సులు తొడుక్కుని పడుకో. మీ అత్తగారు కులాసానా?"

ఆవులు కదిలాయి.

పాస్టరుగారి సంగతి ఇంకా ఘోరం. ఆయన ఆ గుడికి వచ్చి పదకొండేళ్ళు. ఒక ఆదివారం కొత్త బూట్లేసుకుని గుమ్మం దగ్గర నిలబడి వచ్చినవాళ్ళందరికీ చెయ్యి అందిస్తున్నాడు. ఎసెజా ఆ చెయ్యి అందుకుని బూట్ల వైపు చూసి, "కొత్తగా వచ్చారా? సంతోషం" అంది. "మీకు ముందున్నాయన చాలా మంచివారు. ప్రసంగం పొడుగు, అంతే. కుడికాలి చిటికెనవేలి మీద ఆనెకాయ ఉండేది."

"అమ్మా, ఆయన్ని నేనే."

"విప్పండి చూద్దాం."

గుడి మెట్ల మీద, పాటలవాళ్ళు చూస్తుండగా, పాస్టరుగారు ఒక కాలి బూటూ మేజోడూ విప్పాడు. ఆనెకాయ ఎర్రగా ఉబ్బి ఉంది.

"మీరేనా. ఎన్నాళ్ళైంది చూసి. ఈ బూటు ముందు ఇరుకు. పొద్దున కొన్నారు కదూ?"

"అవును. ఎలా తెలిసింది?"

"పాదం సాయంత్రానికి ఉబ్బుతుంది. బూట్లు సాయంత్రం కొనాలి. ఆనెకాయను బ్లేడుతో కోస్తున్నారా?"

పాస్టరుగారు పక్కకు చూశాడు.

"కొయ్యకండి. నానబెట్టి అరగదీయండి. బూటు వదులైతే అదే పోతుంది."

ఆ రోజు ఆయన చెప్పులతోనే ప్రసంగించాడు. చిన్న ప్రసంగం. బూటు తీసేసినందుకు హాయిగా ఉండి తొందరగా ముగించాడని కొందరు, కాలు కనపడుతున్నందుకు సిగ్గుపడి ముగించాడని కొందరు అన్నారు. ఎలాగైనా ఊరంతా ఎసెజాకు రుణపడింది.

సొంత అన్నను కూడా ఆమె వదల్లేదు. కలూలె ఎప్పుడూ బూట్లలోనే ఉంటాడు. తన ఇంట్లో చాప మీదికి ఇంకెవరి చెప్పులూ రానివ్వడు గానీ తను మాత్రం కుర్చీలో బూట్లతో కూర్చుంటాడు. ఇంటి పెద్ద కదా అని ఎవరూ అడగరు. ఒకసారి ఎసెజా మసాకా నుంచి తిరిగి వస్తుంటే ఆమెను తీసుకెళ్ళడానికి ట్యాక్సీల స్టాండుకు వెళ్ళాడు.

"ఎసెజా, ఇటు."

ఆమె బూట్లు చూసి తల తిప్పుకుంది.

"నేను, మీ అన్నయ్యని."

"ఏమో. విప్పితే చెబుతాను."

"ఇంతమందిలోనా? నా గొంతు తెలియడం లేదా?"

"గొంతు మా అన్నయ్యదే. కానీ గొంతులదేముంది, ఎవరైనా అనుకరిస్తారు." తెలియని మనిషితో వెళ్ళనని చెప్పి ఆమె కిరాయి మోటారుసైకిలెక్కి వెళ్ళిపోయింది. కలూలె ఆమె సామాను మోసుకుంటూ వెనక వచ్చాడు. ఊరికి చేరేసరికి ఆమె వాకిట్లో కూర్చుని, "ఎవరో పాపం, సామాను తెచ్చిచ్చారు" అని బూట్లకు మోకరిల్లి దండం పెట్టింది.

ఆమె గుర్తుపట్టలేకపోయిన పాదం ఒకే ఒక్కటి. ఆమె కోడిపెట్ట పోయినప్పుడు వాన వెలిసిన ఎర్రమట్టిలో దొంగ అడుగులు అచ్చు వేసినట్టు పడ్డాయి. మడమలు లోతుగా దిగాయి. వేళ్ళ జాడ లేదు. ఊరి పెద్ద ఎసెజాను పిలిచి చూపించాడు. ఇక దొంగ దొరికినట్టేనని అందరూ అనుకున్నారు. ఆమె మోకరిల్లి చాలాసేపు చూసింది.

"ఎవరిదమ్మా?"

"తెలియడం లేదు. కోడి తన కాళ్ళ మీద తనే వెళ్ళి ఉంటుంది."

"ఇది మనిషి అడుగు కదా?"

"పెద్ద కోడి."

ఆ మరుసటి వారం ఊరి చివర ఒంటరిగా ఉండే ముసలాయన ఒకాయన కొత్త టైరు చెప్పులతో కనిపించాడు. ఈ రెంటినీ ఎవరూ ముడిపెట్టలేదు.

గురువారం ఆమె ఇంటికి ఇంటివాళ్ళు వెళ్ళకూడదు. అది పాదాల రోజు. పెరట్లో పొడుగాటి తాడుకు పాత గొమెసిలు వరసగా వేలాడుతుంటాయి, ఆడవాళ్ళు పండగలకు కట్టుకునే ఆ పెద్ద గుడ్డలు. ప్రతి గుడ్డ వెనకా ఒక బల్ల. వచ్చినవాళ్ళు వెనక దారిన వచ్చి, గుడ్డ చాటున కూర్చుని, అంచు కింది నుంచి కాళ్ళు బయటపెడతారు. పేరు అడగరు, చెప్పరు. ఎసెజా పెట్టిన పేర్లే అక్కడ చెల్లుతాయి. ఎండిన చెరువు, జంట ఆనెలు, కోపం గోరు, మేకపోతు.

అక్కడికి ఎక్కువగా వచ్చేది ఎన్వుంజా పట్టినవాళ్ళు. అది ఇసుక రేణువంత మట్టిపురుగు. మట్టినేల మీద చెప్పుల్లేకుండా తిరిగేవాళ్ళ వేళ్ళలో దూరి బఠాణీ గింజంత ఉబ్బుతుంది. దురద, నొప్పి, చీము. అన్నిటికంటే ఎక్కువ సిగ్గు. వేళ్ళు నేలకు ఆనించలేక మడమల మీద నడుస్తారు. ఆ నడక చూసి ఊరు నవ్వుతుంది. కలూలె అందరికంటే గట్టిగా నవ్వుతాడు.

"ఎన్వుంజా సోమరి కొంపల పురుగు. ఆ పురుగున్న ఇంటికి నా పిల్లనివ్వను" అని అతను ఎన్నోసార్లు అన్నాడు.

"పురుగుకు సోమరీ తెలియదు, చదువుకున్నవాడూ తెలియదు. దానికి తెలిసింది మట్టినేల" అని ఎసెజా అతని బూట్లతో అనేది.

ఇప్పుడు ఆ పిల్లకు సంబంధం కుదిరింది. మిరెంబే మసాకాలో దర్జీపని చేస్తుంది. వరుడు కసోజి, పక్క ఊరి బడిలో లెక్కల మాస్టారు. మంచివాడు, మితభాషి. బూట్లు ఎంత మెరుస్తాయంటే వాటిలో చూసి బోర్డు మీది లెక్క దించుకోవచ్చని పిల్లలు చెప్పుకుంటారు. ఒకే ఒక్క చిక్కు. ఆ బూట్లు విప్పడు.

కలూలె ఇంటికి మూడుసార్లు వచ్చాడు. మూడుసార్లూ గుమ్మం దగ్గరే తొందర పని గుర్తొచ్చింది. చెరువు ఒడ్డుకు వెళ్ళినా బూట్లే. కలూలెకు అనుమానం పట్టింది.

"బూటు విప్పని మగవాడు ఏదో దాస్తున్నాడు. గిట్టలున్నాయేమో కనుక్కో."

"నువ్వూ విప్పవు కదా నాన్నా."

"నా సంగతి వేరు."

అసలు చిక్కు ఎసెజాతో వచ్చింది. పరిచయాల వేడుక రోజున వరుడు తన బలగంతో వస్తాడు. అందరూ ఒకే రకం తెల్లటి కంజులు తొడుక్కుని, మడమల దాకా దిగే ఆ అంగీల మీద కోట్లు వేసుకుని వరసగా కూర్చుంటారు. అమ్మాయి మేనత్త వచ్చి, అంతమందిలో వరుణ్ణి గుర్తుపట్టి గుండె మీద పువ్వు గుచ్చాలి. గుచ్చితేనే మాటలు ముందుకు సాగుతాయి. మేనత్తే గుర్తుపట్టని మనిషిని ఆ ఇంటివాళ్ళు ఎరగనట్టే. బలగమంతా తెచ్చిన బుట్టలు మోసుకుని తిరిగి వెళ్ళాలి.

"అతను మా ఇంటికి వచ్చిన మూడుసార్లూ నువ్వక్కడే ఉన్నావు కదా అత్తా" అంది మిరెంబే.

"రెండు బూట్లు వచ్చాయి. మంచి బూట్లు. అలాంటివి అంగట్లో వెయ్యి ఉంటాయి. పాదాలు చూపించమను. చూడని మనిషిని ఎక్కడని వెతకను? పువ్వు చేతిలో ఉంది కదా అని ఎవరికి పడితే వాళ్ళకు గుచ్చేస్తే, ఆ తర్వాత వాడితో కాపురం చెయ్యాల్సింది నువ్వే."

మిరెంబే బడి వెనక పనసచెట్టు కింద కసోజిని నిలదీసింది.

"నీకు పాదాలు ఉన్నాయా?"

"ఉన్నాయి."

"రెండూ?"

"రెండూ."

"గిట్టలా?"

"మిరెంబే."

"నాన్న కనుక్కోమన్నాడు."

కసోజి కాసేపు తన బూట్లలో తన మొహం చూసుకున్నాడు. తర్వాత చెప్పాడు. మూడేళ్ళ కిందట బడివాళ్ళు ఇచ్చిన ఇంటికి మట్టినేల. ఎన్వుంజా పట్టింది. సిగ్గుపడి ఎవరికీ చెప్పకుండా పిన్నీసుతో తవ్వుకున్నాడు. చీము పట్టి రెండు గోళ్ళు పోయాయి. చివరికి ఒక గురువారం గొమెసి చాటున కాళ్ళు బయటపెట్టాడు.

"మా అత్త దగ్గరా?"

"ఆవిడ తిట్టలేదు. పిన్నీసు చెత్తలో పడేసింది. ఊదారంగు మందునీళ్ళలో నానబెట్టి, నూనె రాసి పురుగుకు ఊపిరాడకుండా చేసింది. ఇంటికి సిమెంటు నేల వేయించుకోమంది. పురుగు పోయింది. ఇప్పటికీ నెలకోసారి వెళ్తాను. నా పేరు ఎనిమిది గోళ్ళు."

"ఇంతేనా? నేను ఇంకేదో అనుకుని హడలిపోయాను."

"ఇంతే కాదు. ఆవిడకు నా బూట్లు తెలుసు, నా పాదాలు తెలుసు. రెండూ ఒకరివేనని తెలియదు. పాదాలు చూపిస్తే, ఓ, ఎనిమిది గోళ్ళూ నువ్వా అంటుంది. నలుగురిలో అంటుంది. మీ నాన్న ఏమంటాడో నీకు తెలుసు."

తెలుసు. మిరెంబే చెట్టుకు ఆనుకుంది. పాదాలు చూపిస్తే నాన్న కాదంటాడు. చూపించకపోతే అత్త గుర్తుపట్టనంటుంది.

"నేనొక ఉపాయం చేశాను" అన్నాడు కసోజి. "ముప్ఫై మందికీ ఒకే రకం నల్ల సాక్సులు కొన్నాను. చాపల మీద కూర్చున్నా ఎవరి పాదాలూ బయటపడవు."

"బాగుంది. మరి అత్త నిన్నెలా గుర్తుపడుతుంది?"

లెక్కల మాస్టారు బూటు మొనతో మట్టిలో ఒక సున్నా చుట్టాడు.

"అది లెక్కలోకి తీసుకోలేదు."

ఆ రోజు రానే వచ్చింది. కలూలె వాకిట్లో పందిరి, పందిరి కింద చాపలు. వరుడివైపు ముప్ఫై మంది తెల్ల కంజుల్లో, బయట ముప్ఫై జతల బూట్లు విప్పి, నల్ల మేజోళ్ళతో వచ్చి కూర్చున్నారు. చూడటానికి ముప్ఫై కొంగలు ఒకే బురదలో దిగినట్టుంది. కలూలె ఎదురుగా కుర్చీలో, బూట్లతో. మిరెంబే ఇంట్లో కిటికీ తెర వెనక. కసోజి ఎక్కడున్నాడో ఆమెకు తెలుసు. రెండో వరసలో, ఎడమ నుంచి ఐదోవాడు, కాళ్ళు కింద మడుచుకుని వాటి మీద కూర్చున్నాడు. మేజోళ్ళ మీద కూడా నమ్మకం పోయినట్టుంది.

అబ్బాయివైపు మాట్లాడే పెద్దమనిషి లేచాడు. "అమ్మా, మావాళ్ళంతా ఒకే అచ్చులో పోసినవాళ్ళు. మీ అల్లుణ్ణి మీరే ఏరుకోండి."

ఎసెజా గొమెసి సర్దుకుంటూ, చేతిలో పువ్వుతో, నేల చూస్తూ వచ్చింది. మొదటి జత మేజోళ్ళ ముందు మోకరిల్లింది. పందిరంతా నవ్వు అణుచుకుంది.

"నువ్వు కాదు. పొద్దున మంచం దిగగానే మడమలో మేకు దిగినట్టుంటుందా?"

ఆ మనిషి ఉలిక్కిపడ్డాడు. "నిజమే. మీకెలా తెలుసు?"

"చాప దాకా వేళ్ళ మీద నడిచి వచ్చావు. దిగే ముందు పాదాన్ని ముందుకీ వెనక్కీ పదిసార్లు ఆడించు. పల్చటి చెప్పులు మానెయ్."

రెండో జత. "ఈయనా కాదు. బొటనవేలు పక్కవేలి మీదికి ఎక్కుతోంది. బూట్లు ఎవరు కొన్నారు?"

"మా ఆవిడ."

"ఆవిడకు మొన బూట్ల మీద ప్రేమ ఎక్కువ. వెడల్పువి కొనమను."

మూడో ఆయన అడగకముందే కాలు చాపాడు. "నాకు చక్కెర జబ్బమ్మా. అరికాలు మొద్దుబారినట్టుంటుంది."

"రోజూ కాలి కింద అద్దం పెట్టి చూసుకోండి. చిన్న పుండైనా ఆసుపత్రికి వెళ్ళండి, రేపు చూద్దాంలే అనుకోకండి. వేడినీళ్ళు మోచేత్తో చూసి పోసుకోండి, కాలితో చూడకండి."

అక్కడితో వేడుక చెయ్యి జారింది. వెనక వరసవాళ్ళు ముందుకు జరిగారు. ఒకడు గోరు లోపలికి పెరుగుతోందన్నాడు. "అర్ధచంద్రంలా కొయ్యకు, గీత గీసినట్టు తిన్నగా కొయ్యి" అంది ఎసెజా. ఇంకొకడు వేళ్ళ సందుల్లో తెల్లగా నాని దురద పెడుతోందన్నాడు. "కడగడం అందరూ కడుగుతారు. తుడిచేది ఎవరు? సందుల్లో పొడిగా తుడువు. నిన్నటి సాక్సులు ఇవాళ తొడుక్కోకు." పెద్దమనిషి కూడా తన ప్రసంగం మడిచి జేబులో పెట్టుకుని కాలు చాపాడు. పందిరి కింద ఇరవై తొమ్మిది నల్ల పాదాలు గాల్లో వరసగా నిలబడ్డాయి.

కలూలె కుర్చీలో కదిలాడు. "చెల్లీ, నిన్ను పిలిచింది పెళ్ళికొడుకుని వెతకడానికి. పుండ్లని కాదు."

"వస్తున్నాను అన్నయ్యా. నువ్వు అన్నయ్యవే కదా?"

ఆమె రెండో వరసలోకి వచ్చింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. కసోజి ముందు ఆగింది. అక్కడ పాదాలు లేవు. తెల్లగుడ్డ ఉంది.

"ఇక్కడెవరూ లేరు" అని ముందుకు సాగిపోయింది.

అందరూ నవ్వారు. తెర వెనక మిరెంబే కిటికీ ఊచ పట్టుకుంది. ఎసెజా వరస చివరికి చేరింది. పువ్వు ఇంకా చేతిలోనే ఉంది. నవ్వులు ఒక్కొక్కటే ఆగాయి. డప్పులవాడు చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు.

కలూలె లేచి నిలబడ్డాడు. "దొరకలేదంటే దొరకలేదని చెప్పు. తెలియని మనిషికి మేం పిల్లనివ్వం."

అప్పుడు ఎసెజా ఎవరూ ఎన్నడూ చూడని పని చేసింది. నడుం నిలబెట్టి, తల ఎత్తింది.

ఆమె కళ్ళు గోధుమరంగువని ఊళ్ళో సగం మందికి ఆ రోజే తెలిసింది. ఆ కళ్ళతో వరసంతా ఒకసారి చూసి, వెనక్కి నడిచి, ఐదో మనిషి ముందు ఆగి, అతని మొహంలోకి సూటిగా చూసి, గుండె మీద పువ్వు గుచ్చింది.

"ఇతనే మా అల్లుడు."

ఆడవాళ్ళు నాలుక మోగిస్తూ కేకలు పెట్టారు. కలూలె చెయ్యెత్తి ఆపాడు.

"ఆగండి. ఎలా గుర్తుపట్టావు? ఆ కాళ్ళు నీకు ముందే తెలుసా? ఏమున్నాయి ఆ కాళ్ళకి? సాక్సులు విప్పించు, చూద్దాం."

కసోజి మొహం కంజు కంటే తెల్లబడింది.

"కాళ్ళు నేను చూడనేలేదు అన్నయ్యా" అంది ఎసెజా తాపీగా. "ఇరవై తొమ్మిది మంది పెళ్ళి సంగతి మరిచిపోయి కాళ్ళు చాపి రోగాలు చెప్పుకున్నారు. ఒక్కడే కాళ్ళ సంగతి మరిచిపోయి ఆ కిటికీ తెర వైపు చూస్తూ కూర్చున్నాడు. పెళ్ళికొడుకు కాక ఇంకెవడు చూస్తాడు? అయినా విప్పమంటావా, సరే, విప్పుదాం. అందరం విప్పుదాం. ఇంటి పెద్దవు, ముందు నువ్వు విప్పు."

పందిరి మొత్తం కలూలె బూట్ల వైపు చూసింది.

కలూలె గొంతు సవరించుకున్నాడు. మళ్ళీ సవరించుకున్నాడు. "అరటికాయ మటోకె చల్లారిపోతోంది. వడ్డించండి" అన్నాడు.

వడ్డించారు.

పదిరోజుల తర్వాత ఒక గురువారం మిరెంబే అత్త పెరట్లోకి అడుగుపెట్టింది. ఎసెజా వెళ్ళిపొమ్మనలేదు. తాడు మీద గొమెసిలు గాలికి ఊగుతున్నాయి. అంచుల కింద నాలుగు జతల పాదాలు. ఎసెజా బేసిన్‌లో ఊదారంగు నీళ్ళు కలుపుతోంది.

మిరెంబే గొంతు తగ్గించింది. "అత్తా, నీకు మొహాలు తెలుసు."

"తెలిస్తే?"

"ఎప్పటి నుంచి?"

"పుట్టినప్పటి నుంచి. అందరిలాగే."

"మరి పాస్టరుగారు?"

"ఇరుకు బూటు విప్పమని మామూలుగా చెబితే వింటాడా?"

"కోడి దొంగ?"

"వేళ్ళు ఆనించలేనివాడు. చెప్పులు కొనలేడు, కోడి కొనలేడు. కొనగలిగితే ఆ పని చేస్తాడా?"

"మరి ట్యాక్సీ స్టాండులో నాన్న?"

"అది సరదాకి."

నీళ్ళు కలపడం ఆపి ఎసెజా మేనకోడలి మొహంలోకి చూసింది. మిరెంబేకి అదేదో కొత్తగా, కొంచెం సిగ్గుగా అనిపించింది.

"ఉద్యోగంలో చేరిన మొదటి నెల. ఒకావిడ మొహం కప్పుకుని వచ్చింది, ఎన్వుంజా. నాకు తెలిసినావిడే. సంతోషంతో పేరు పెట్టి పిలిచాను. లేచి వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. తర్వాత ఎక్కడ ఎదురైనా మడమల మీద కుంటుకుంటూ దారి మార్చేది. అదిగో, అప్పటి నుంచి నాకు మొహాలు తెలియడం మానేశాయి. నేనెవరినీ ఎరగనని ఊరంతా నమ్మింది. గురువారం పెరడు నిండింది."

"అయితే ఎనిమిది గోళ్ళు ఎవరో నీకు మొదటి నుంచీ..."

"ఎవరాయన? నేనెరగను. రా, చెయ్యందించు. ఆ చివర ఆయనకు తుడవాలి."

చివరి గొమెసి కింది పాదాలు చీలమండల దాకా బురద పూసుకుని ఉన్నాయి. వాన పడి వారం దాటింది.

"ఈయన మేకపోతు" అంది ఎసెజా, గుడ్డ చాటుకు వినపడేలా. "రెండేళ్ళుగా వస్తున్నాడు. ఎప్పుడూ ఇలా బురదలో తొక్కి వస్తాడు పాపం, ఎంత కష్టజీవో. రోజంతా బూట్లు విప్పడు, సాక్సులు మార్చడు. వేళ్ళ సందులు నానిపోక ఏమవుతాయి? వాసనకు నా కోళ్ళు గుడ్లు పెట్టడం మానేశాయి."

నీళ్ళు పోసింది. బురద కరిగి కారిపోయింది. వెడల్పాటి పాదాలు, బొటనవేలికీ పక్కవేలికీ మధ్య వేలెడు సందు. మిరెంబే తన కాళ్ళ వైపు చూసుకుంది. అదే సందు.

గుడ్డ వెనక ఎవరో దగ్గారు. పొద్దున లేచింది మొదలు ఇంట్లో వినే దగ్గు.

మిరెంబే అత్త వైపు చూసింది. ఎసెజా తల అడ్డంగా ఊపింది. "దగ్గులదేముంది. ఎవరైనా అనుకరిస్తారు."

మిరెంబే మోకరిల్లింది. పొడిగుడ్డ తీసుకుని ఒక్కో వేలి సందూ జాగ్రత్తగా తుడిచింది. పది వేళ్ళూ అయ్యాక గుడ్డ మడిచి పక్కన పెట్టింది.

"అయ్యా, మీరెవరో నాకు తెలియదు" అంది. "కానీ సాక్సులు రోజూ మార్చుకోండి. నేను కాపురానికి వెళ్ళే ఇంట్లో ముప్ఫై జతలు మిగిలి ఉన్నాయి. నల్లవి."

పది వేళ్ళూ ఒక్కసారి ముడుచుకున్నాయి. తర్వాత ముసలావిడ గొంతులా సన్నగా, గుడ్డ వెనక నుంచి మాట వచ్చింది.

"అలాగేనమ్మా. మీ నాన్నగారిని అడిగానని చెప్పు."